ఫీనిక్స్ మిల్లు కథ: బొంబాయి గిర్నీ షాపింగ్ మాల్ ఎలా అయింది? తరచుగా అడిగే ప్రశ్నలు

ముంబై లోయర్ పరేల్‌లో షాపింగ్‌కి వెళ్లినవాళ్లు ఖరీదైన బ్రాండ్ల షాపుల మధ్య ఒక పొడవాటి పాత చిమ్నీ కనిపిస్తే కాసేపు తల ఎత్తి చూస్తారు. కొందరు సెల్ఫీ తీసుకుంటారు. ‘ఇదేంటి?’ అని అడిగేవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమంది కోసమే ఈ పేజీ.

మిల్లు అంటున్నారు, ఏం మిల్లు? పిండి మిల్లా, బియ్యం మిల్లా?

మనకి మిల్లు అనగానే ముందు రైస్ మిల్లే గుర్తొస్తుంది, తెలంగాణలో గిర్ని అంటే పిండి గిర్ని. ఇది బట్టల మిల్లు. దూది బేళ్లు ఒక వైపు నుంచి లోపలికి వెళ్తే, నేసిన బట్ట తానులుగా ఇంకో వైపు నుంచి బయటికి వచ్చేది. మరాఠీలో కూడా దీన్ని గిర్ణీ అనే అంటారు. అందుకే బైకుల్లా, లాల్‌బాగ్, పరేల్, వర్లీ చుట్టూ ఉన్న మిల్లుల పేటలన్నిటినీ కలిపి గిర్ణ్‌గావ్ అన్నారు, అంటే గిర్నీల ఊరు. బొంబాయి లోపల ఇది మరో ఊరు.

ఫీనిక్స్ మిల్లు ఎప్పుడు పెట్టారు? ఎవరిది?

ఫీనిక్స్ మిల్స్ కంపెనీ 1905లో మొదలైంది. లోయర్ పరేల్‌లో సుమారు 17 ఎకరాల స్థలం. యాజమాన్యం రుయా కుటుంబానిది, రాజస్థాన్ మూలాలున్న మార్వాడీ వ్యాపారులు. కంపెనీ షేర్లు 1959లో బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయ్యాయి.

1905 అనే సంవత్సరం చరిత్ర చదివినవాళ్లకి తడుతుంది. బెంగాల్ విభజన, విదేశీ వస్త్ర బహిష్కారం, స్వదేశీ ఉద్యమం అన్నీ ఆ ఏడాదివే. మాంచెస్టర్ బట్ట కొనొద్దు అని జనం అంటుంటే బొంబాయి మిల్లుల బట్టకి గిరాకీ పెరిగింది. దేశభక్తితో పాటు లాభం కూడా వచ్చిన కాలం అది.

ఇక పేరు సంగతి. బూడిదలోంచి మళ్లీ లేచే పక్షి ఫీనిక్స్. మిల్లు చచ్చి మాల్‌గా లేచింది కాబట్టి పేరు సార్థకం అని ఈ మాల్ గురించి రాసే ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. లేచింది మిల్లు కాదు, మిల్లు కింద ఉన్న భూమి. అది కింద చెప్తాను.

అసలు బొంబాయిలోనే ఇన్ని బట్టల మిల్లులు ఎందుకు వచ్చాయి?

మొదటి మిల్లు కావస్‌జీ నానాభాయ్ దావర్ అనే పార్సీ వ్యాపారి పెట్టింది. కంపెనీ 1854లో, తార్‌దేవ్‌లో నూలు ఉత్పత్తి 1856లో. తర్వాత 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఇంగ్లండ్‌కి రావడం ఆగిపోయింది. లాంకషైర్ మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి. బొంబాయి పత్తి వ్యాపారుల చేతుల్లో డబ్బు కుప్పలుగా పడింది. యుద్ధం ముగియగానే ధర కుప్పకూలి చాలామంది దివాలా తీశారు. నిలదొక్కుకున్నవాళ్ల డబ్బులో కొంత తర్వాత మిల్లుల్లోకి వచ్చింది. చైనాకి నూలు ఎగుమతి కూడా చాలాకాలం ఈ మిల్లులకి పెద్ద ఆదాయం.

డబ్బు ఒకటే కాదు. రేవు దగ్గరే ఉంది, బొగ్గు ఓడలో వస్తుంది. దక్కన్ పత్తి రైల్లో వస్తుంది. ఇంకోటి చాలామందికి తట్టదు. సముద్రపు గాలి. పొడి గాలిలో నూలు పెళుసుబారి పుటుక్కున తెగుతుంది, తేమగా ఉంటే తెగదు. మనం ముంబై వెళ్లి ‘అబ్బా, ఏం ఉక్కపోతరా బాబూ’ అని తిట్టుకునే ఆ ఉక్కపోతే మిల్లు యజమానులకి వరం.

లోపల పని ఎలా జరిగేది?

మగ్గం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఇంట్లో జరిగే పనే, యంత్రాలతో వందల రెట్లు పెద్దది చేశారు. ముందు బేళ్లు విప్పి దూదిని విదిలించి చెత్త దులిపే గది, దాన్ని బ్లో రూమ్ అంటారు. తర్వాత ఏకడం. ఏకిన దూది తాళ్లలాగా వస్తుంది, దాన్ని సాగదీసి సాగదీసి సన్నం చేస్తారు. ఆపైన కదుళ్ల వరసలు, అక్కడ దారం పురి ఎక్కుతుంది. కొంత నూలు కండెలకి చుట్టి పేకకి, అంటే అడ్డపోగులకి పంపుతారు. మిగతాది పడుగు, అంటే నిలువుపోగులు పోసి, గంజి పట్టించి, సాంచాల మీదికి ఎక్కిస్తారు. సాంచా అంటే మరమగ్గం. ఈ మాట సిరిసిల్లలో ఈ రోజుకీ వాడతారు, బొంబాయి నుంచి మనవాళ్లతో పాటు వచ్చిన మాట అది.

సాంచాల ఖాతాలో, అంటే నేత విభాగంలో చప్పుడు ఎంతంటే పక్కవాడి మాట వినపడదు. సైగలతో, పెదాల కదలికతో మాట్లాడుకునేవాళ్లు. ఏళ్ల తరబడి అక్కడ చేసినవాళ్లకి చెవులు మందగించేవి. దూది ఏకే చోట గాలి నిండా నుసి, అది ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గు పట్టుకునేది. ఉద్యోగం పర్మనెంటు కానివాళ్లని బద్లీ అనేవాళ్లు. ఎవరైనా రాకపోతే వాళ్ల బదులు పని. పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి, పిలిస్తే పని, లేకపోతే ఇంటికి. ఇలా పది పదిహేనేళ్లు బద్లీగానే ఉండిపోయినవాళ్లున్నారు.

ఆ చిమ్నీ ఎందుకు? పళ్లలాంటి కప్పు ఎందుకు?

మొదట్లో మిల్లు నడిచింది ఆవిరి మీద. బాయిలర్ కింద బొగ్గు మండాలంటే గాలి లాగాలి, పొగ మనుషుల తలల పైనుంచి పోవాలి. పొడవాటి చిమ్నీ ఆ రెండు పనులూ చేస్తుంది. బాయిలర్‌కీ, ఆవిరి చల్లార్చడానికీ నీళ్లు కావాలి కాబట్టి చాలా మిల్లుల ఆవరణలో చెరువులాంటి పెద్ద గుంట కూడా ఉండేది. ఆవిరి యంత్రం తిప్పే ఒకే పొడవాటి ఇరుసు నుంచి తోలు పట్టీలు దిగి ఒక్కో యంత్రాన్నీ తిప్పేవి. 1915లో ఖోపోలీ దగ్గర టాటాల జల విద్యుత్తు వచ్చాక మిల్లులు ఒక్కొక్కటీ కరెంటుకి మారాయి.

రంపం పళ్లలా ఉండే షెడ్డు కప్పుకి కారణం వెలుతురు. ప్రతి పన్నుకీ ఒక వైపు అద్దాలుంటాయి, ఆ వైపు ఉత్తరానికి తిప్పి కడతారు. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ భాగం ఉత్తరం నుంచి నేరుగా ఎండ పడదు, సమానంగా వెలుగు మాత్రం వస్తుంది. తెగిన పోగు కనిపించాలంటే నీడలు లేని వెలుతురు కావాలి. ఇప్పుడు కెఫేలు, ఆర్ట్ గ్యాలరీలు ఇదే కప్పుని ముచ్చటపడి పెట్టించుకుంటున్నాయి.

పనిచేసినవాళ్లు ఎవరు? మన తెలుగువాళ్లు ఉన్నారా?

ఎక్కువమంది కొంకణ్ నుంచి, ముఖ్యంగా రత్నగిరి వైపు నుంచి వచ్చిన మరాఠీలు. సాతారా వైపు ఘాట్ మీది వాళ్లు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు కూడా. తెలుగువాళ్లు తక్కువేం కాదు. నైజాం తెలంగాణ నుంచి, కరీంనగర్, నల్లగొండ పల్లెల నుంచి పద్మశాలీలు తరలివెళ్లారు. చేతిలో నేత విద్య ఉంది, ఊళ్లో మగ్గానికి కూలి గిట్టడం లేదు. అసలు బొంబాయి కట్టడాల్లోనే తెలుగు చెమట ఉంది. కామాఠీపురా అన్న పేరు అక్కడ స్థిరపడ్డ తెలుగు కూలీలు కామాఠీల నుంచి వచ్చిందే. ఆ పేట పేరు చెప్పగానే జనం ఇంకేదో అనుకుని ముసిముసిగా నవ్వుతారు గానీ, మొదట అది రాళ్లు మోసిన మన తాతల బస్తీ.

‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని తెలంగాణలో ఒక మాట ఉంది. ఊళ్లో బతుకు లేనివాడికి ఉన్న మూడు దారులు. మధ్యలో ఉన్న బొంబాయి అంటే ఎక్కువగా ఈ గిర్నీలు, తర్వాత ముంబై దగ్గర్లోని మరమగ్గాల ఊరు భివాండీ.

బతుకు ‘చాల్’ అనే వరస గదుల భవనాల్లో. ఒక గది, బయట పొడుగు వరండా, అంతస్తు మొత్తానికీ కలిపి కక్కసులు. ఒకే గదిలో పది పదిహేనుమంది మగవాళ్లు ఉండేవాళ్లు. షిఫ్టులు వేరు కాబట్టి ఒకరు లేచి వెళ్తే ఆ చాప మీద ఇంకొకరు పడుకునేవాళ్లు. భోజనం ఖానావళ్లలో, నెలవారీ లెక్క. అవి నడిపింది ఎక్కువగా ఆడవాళ్లే. మిల్లు కూత పేట మొత్తానికి గడియారం.

ఆదివారం సెలవు ఈ మిల్లుల వల్లే వచ్చిందట, నిజమేనా?

బొంబాయి మిల్లుల వరకు నిజం. మహాత్మా ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘం పెట్టాడు. వారానికో రోజు సెలవు కోసం ఏళ్ల తరబడి అడిగాక 1890 జూన్‌లో యజమానులు ఆదివారం సెలవు ఒప్పుకున్నారు.

ఈ కార్మికులు జీతం కోసం మాత్రమే పని ఆపలేదు. 1908లో తిలక్‌కి ఆరేళ్ల శిక్ష పడితే, ఏడాదికి ఒక రోజు చొప్పున ఆరు రోజులు మిల్లులు బంద్ పెట్టారు. 1928లో నెలల తరబడి సాగిన సమ్మెలోంచి డాంగే వంటి కమ్యూనిస్టుల నాయకత్వంలో గిర్ణీ కామ్‌గార్ యూనియన్ పుట్టింది.

1982 సమ్మె ఏంటి? ఇంత పెద్ద చర్చ ఎందుకు?

1982 జనవరి 18న బొంబాయిలో దాదాపు 60 మిల్లుల్లో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపేశారు. నాయకుడు డాక్టర్ దత్తా సామంత్. నిజంగానే వైద్యం చేసే డాక్టరు, ఘాట్‌కోపర్‌లో రోగుల్ని చూస్తూ యూనియన్లలోకి వచ్చాడు. బయటి ఇంజినీరింగ్ కంపెనీల్లో అతను ఇప్పించిన జీతాలు చూసి, మిల్లు కార్మికులే వెళ్లి ‘మీరు రండి’ అని అడిగారు.

డిమాండ్లు: జీతం పెంపు, బోనస్, బద్లీలని పర్మనెంటు చేయడం. వీటన్నిటికంటే చిక్కుముడి ఇంకోటుంది. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం మిల్లుల్లో గుర్తింపు ఉన్న యూనియన్ ఒకటే, కాంగ్రెస్ అనుబంధ రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్. కార్మికులు ఆ యూనియన్‌ని నమ్మరు. చట్టం ఇంకొకరితో మాట్లాడనివ్వదు. మా తరఫున మాట్లాడేది ఎవరో మేమే తేల్చుకుంటాం అన్నది అసలు గొడవ. ప్రభుత్వం దిగి రాలేదు, ఒక్క సామంత్‌కి లొంగితే రేవు, మిగతా పరిశ్రమలు కూడా అదే దారి పడతాయన్న భయం.

సమ్మె ఏడాది దాటింది. కార్మికులు ఊళ్లకి వెళ్లి పొలం పని చేసుకుంటూ నిలబడ్డారు. ఇంట్లో గిన్నెలు, పెళ్లాం మెళ్లో మంగళసూత్రం అమ్ముకున్నవాళ్లున్నారు. విచిత్రం ఏంటంటే, ఆ సమ్మెని అధికారికంగా విరమిస్తున్నట్టు ఎవరూ ఎప్పుడూ ప్రకటించలేదు. దానంతట అదే కరిగిపోయింది. లక్షకు పైగా కార్మికులకి మళ్లీ పని దొరకలేదు. సామంత్ 1984లో స్వతంత్రుడిగా లోక్‌సభకి గెలిచాడు. అంటే ఓడిన సమ్మె నాయకుణ్ణి ఓడిపోయిన కార్మికులే గెలిపించారు. 1997 జనవరి 16న అతన్ని కాల్చి చంపారు.

అయితే మిల్లులు మూతపడింది సమ్మె వల్లేనా?

ఎక్కువమంది అలానే చెప్తారు. నాకు అది సగం నిజంలా అనిపిస్తుంది. సమ్మెకి ముందే మిల్లులు జబ్బు పడి ఉన్నాయి. చాలామంది యజమానులు పాత యంత్రాలు మార్చలేదు, లాభం వేరే వ్యాపారాల్లోకి మళ్లించారు. మరోపక్క భివాండీ లాంటి చోట్ల మరమగ్గాల షెడ్లు పెరిగాయి. అక్కడ యూనియన్ లేదు, కార్మిక చట్టం కాగితం మీదే, కూలి తక్కువ. సమ్మె కాలంలో కొందరు మిల్లు యజమానులే తమ బట్ట అక్కడ నేయించి మిల్లు ముద్ర వేసుకున్నారు. సమ్మెతో వాళ్లకి తెలిసొచ్చింది ఒకటే: మిల్లు నడవకపోయినా వ్యాపారం నడుస్తుంది.

పని పోయిన తెలుగువాళ్లలో చాలామంది భివాండీ చేరారు. అక్కడి పద్మానగర్ ఈ రోజుకీ తెలుగు పేటే. అక్కడి అనుభవంతో కొందరు సిరిసిల్ల తిరిగొచ్చి సాంచాలు పెట్టుకున్నారు.

13 మిల్లుల్ని ప్రభుత్వం 1983లో తన చేతిలోకి తీసుకుంది, 1995లో జాతీయం చేసింది. అప్పటికే బొంబాయిలో అసలు సరుకు మారిపోయింది. ఊరి నడిబొడ్డున సుమారు 600 ఎకరాల మిల్లు భూమి, రెండు రైల్వే లైన్ల మధ్య. ఎన్ని తానులు నేస్తే ఆ నేల ధర వస్తుంది?

ఫీనిక్స్ ఎప్పుడు మాల్ అయింది?

ఒక్క రోజులో కాలేదు, ముక్కలు ముక్కలుగా మారింది. 1990ల చివర్లో ఆవరణలో బౌలింగ్ ఆట, డిస్కోథెక్ లాంటివి వచ్చాయి. ముంబై కాలేజీ పిల్లలు మొదటిసారి ‘ఫీనిక్స్ మిల్స్‌కి వెళ్దాం’ అనడం మొదలుపెట్టింది అప్పుడే. వాళ్ల నాన్నల తరానికి ఆ మాటకి అర్థం షిఫ్టుకి వెళ్లడం. 2000ల మొదట్లో బిగ్ బజార్ వచ్చాక మధ్యతరగతి కుటుంబాలు రావడం పెరిగింది. ఆవరణకి హై స్ట్రీట్ ఫీనిక్స్ అని పేరు పెట్టారు. దశాబ్దం చివర్లో ఖరీదైన విదేశీ బ్రాండ్లతో పల్లాడియం అనే కొత్త భవనం లేచింది. పక్కనే ఆకాశాన్నంటే హోటల్ టవర్ వచ్చింది. మొదట షాంగ్రీ-లా, తర్వాత పల్లాడియం, ఇప్పుడు సెయింట్ రెజిస్. ఇప్పుడు మాల్ మొత్తాన్నీ ఫీనిక్స్ పల్లాడియం అంటున్నారు.

మిల్లు భూమిలో షాపులు పెట్టుకోనిచ్చిన రూల్ ఏంటి?

కొంచెం ఓపిగ్గా చదవండి, కథ మలుపు తిరిగింది ఇక్కడే.

1991లో బొంబాయి నిర్మాణ నియమాల్లో 58వ నియమం వచ్చింది. మిల్లు భూమిని వేరే పనికి వాడాలంటే మూడు వాటాలు వేయాలి. ఒకటి పార్కులు, మైదానాల కోసం నగరపాలక సంస్థకి. ఒకటి ఇళ్ల కోసం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకి. మూడోది యజమానికి. వినడానికి న్యాయంగా ఉంది కదా. కానీ ఈ పంపకం ఖాళీ స్థలానికీ, కట్టడాలు కూల్చితే వచ్చే స్థలానికీ. నిలబడి ఉన్న పాత షెడ్డుని అలాగే ఉంచి లోపల వాడకం మార్చుకుంటే పంపకం ప్రసక్తి రాదు. గిర్ణ్‌గావ్‌లో ఇన్ని పాత షెడ్లు ఆఫీసులుగా, రెస్టారెంట్లుగా బతికి బట్టకట్టడానికి వారసత్వ ప్రేమ ఎంత కారణమో ఈ లెక్క కూడా అంతే కారణం. కాస్త ఎక్కువే అనుకుంటాను.

1996లో ప్రభుత్వం వాస్తుశిల్పి చార్లెస్ కొరియా నాయకత్వంలో కమిటీ వేసింది. మిల్లు స్థలాలన్నిటినీ కలిపి ఆలోచిస్తే పరేల్‌కి పెద్ద మైదానాలు, మంచి రోడ్లు, స్టేషన్ల ముందు చౌకులు వస్తాయని కమిటీ చూపించింది. అది అమలు కాలేదు. 2001లో నియమం మార్చారు. ఇకపై మూడు వాటాల లెక్క మొదటి నుంచీ ఖాళీగా ఉన్న స్థలానికే, షెడ్డు కూల్చగా వచ్చిన భూమికి కాదు. మిల్లు అంటేనే నేలంతా షెడ్లు కదా, ఖాళీ జాగా ఎంతుంటుంది? ఊరికీ, ఇళ్లకీ దక్కే వాటా ఒక్కసారిగా కుంచించుకుపోయింది. దీని మీద కోర్టుకి వెళ్తే 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఊరి పక్షాన తీర్పిచ్చింది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి 2001 మార్పు సరైనదే అంది. ఆ తర్వాత టవర్లు పుట్టగొడుగుల్లా లేచాయి.

ధర ఎలా ఉండేదో ఒక్క ఉదాహరణ. 2005లో ప్రభుత్వ రంగ జాతీయ జౌళి సంస్థ ఒక్క ముంబై టెక్స్‌టైల్ మిల్లు స్థలాన్ని డీఎల్ఎఫ్ కంపెనీకి 702 కోట్లకి అమ్మింది.

కార్మికులకి ఏమైనా దక్కిందా?

కొందరికి ఇళ్లు. మిల్లు భూముల్లో మ్హాడా కట్టిన వాటిని లాటరీ తీసి ఇస్తున్నారు. 2012 జూన్‌లో తీసిన పెద్ద లాటరీలో 6,925 ఇళ్లు, ఒక్కోటి 225 చదరపు అడుగులు, ధర ఏడున్నర లక్షలు. ముంబై నడిబొడ్డున ఆ ధరకి ఇల్లు అంటే నిజంగానే అదృష్టం. దరఖాస్తు పెట్టింది మాత్రం సుమారు లక్షా 48 వేలమంది కార్మికులు, వారసులు. 2020లో ఇంకో 3,894 ఇళ్లకి లాటరీ తీశారు. లెక్క మీరే వేసుకోండి.

పాత మిల్లు గుర్తులు ఇప్పుడు ఏం మిగిలాయి?

చిమ్నీ. అందరూ చూసేది అదే, మాల్‌కి గుర్తు కూడా అదే. మొత్తం మీద కొత్త గాజు, కొత్త రాయే ఎక్కువ కనిపిస్తాయి. సాంచాల షెడ్డు ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే ఫీనిక్స్ కంటే మథురాదాస్, తోడీ, రఘువంశీ మిల్లుల ఆవరణలే నయం. వాటిలో పాత గోడలు, సందులు ఇంకా మిల్లు వాసన కొడతాయి.

మిగతా మిల్లులు ఏమయ్యాయి?

జుపిటర్ మిల్లు ఆఫీసు టవర్లయింది. శ్రీనివాస మిల్లు స్థలంలో ముంబైలోని అత్యంత ఎత్తైన అపార్టుమెంట్లలో కొన్ని లేచాయి. కమలా మిల్లు ఆఫీసులు, పబ్బులకి పేరుపడింది. దాదర్ దగ్గరి ఇందూ మిల్లు స్థలం అంబేడ్కర్ స్మారకానికి ఇచ్చారు. కొలాబాలో సముద్రం ఒడ్డున శిథిలమైన ముకేశ్ మిల్లు సినిమా షూటింగులకి వాడుతున్నారు, దెయ్యాల కథలు ఉచితం.

ఆ పేట మీద దీని ప్రభావం ఏంటి?

ఒకప్పుడు కార్మికులు నడిచి పనికి వెళ్లేవాళ్లు, ఇల్లు మిల్లు పక్కనే. ఇప్పుడు పనిచేసేవాళ్లంతా దూరం నుంచి లోకల్ రైల్లో వచ్చి అవే పాత స్టేషన్లలో దిగుతున్నారు. భూమి వాడకం మారింది, మెట్లూ వంతెనలూ మారలేదు. 2017 సెప్టెంబరు 29 ఉదయం వానలో ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ ఇరుకు వంతెన మీద తొక్కిసలాట జరిగి 23 మంది చనిపోయారు. అదే ఏడాది డిసెంబరు 29 తెల్లవారకముందు కమలా మిల్లు ఆవరణలోని రూఫ్‌టాప్ రెస్టారెంట్లలో మంటలు అంటుకుని 14 మంది పోయారు. ఈ రెండూ ఒక మైలు లోపే. ఉద్యోగాలు రాలేదని అనలేం, వచ్చాయి. మాల్‌లో, హోటళ్లలో చాల్ పిల్లలు కూడా పనిచేస్తున్నారు, యూనిఫాం వేసుకుని.

ఇలా మిల్లు మాల్ అయిన చోట్లు ఇంకెక్కడైనా ఉన్నాయా?

ప్రపంచమంతా ఉన్నాయి. పోలండ్‌లోని ఊచ్ నగరంలో ఇజ్రాయెల్ పొజ్నాన్‌స్కీ అనే పెట్టుబడిదారుడి 19వ శతాబ్దపు పత్తి మిల్లుని 2006లో మానుఫాక్తురా అనే షాపింగ్ కేంద్రం చేశారు. ఎర్ర ఇటుక గోడలు అలాగే ఉంచి, ఒక భాగాన్ని మ్యూజియానికీ, ఇంకో భాగాన్ని హోటల్‌కీ ఇచ్చారు. పాత కట్టడాన్ని ఎంత ఉంచొచ్చో చూడాలంటే అది మంచి ఉదాహరణ.

మనకి దగ్గరగా చూడాలంటే కోయంబత్తూరు. అక్కడి లక్ష్మీ మిల్స్‌ని 1910లో పెట్టింది కుప్పుస్వామి నాయుడు, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. ఆ ఆవరణలో 2023లో లులు హైపర్‌మార్కెట్ తెరిచారు.

వరంగల్‌వాళ్లు ఈ ప్రశ్న చదవగానే ఆజంజాహి మిల్లు గురించి అడుగుతారని తెలుసు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు. వేలమందికి అన్నం పెట్టింది. 2000ల మొదట్లో మూతపడింది, భూమి ప్లాట్లయింది. అక్కడ చిమ్నీతో సెల్ఫీ దిగే అవకాశం కూడా లేదు.

కంపెనీ పేరు ఇంకా ‘మిల్స్’ అనే ఎందుకుంది?

పాత కంపెనీయే కొనసాగుతోంది కాబట్టి. ది ఫీనిక్స్ మిల్స్ లిమిటెడ్ ఇప్పుడు దేశంలో పెద్ద మాల్ కంపెనీల్లో ఒకటి. పుణె, బెంగళూరు, చెన్నై, ముంబైలోనే కుర్లాలో ఫీనిక్స్ మార్కెట్‌సిటీలు, లక్నో, ఇందోర్, అహ్మదాబాద్‌లలో వేరే పేర్లతో మాల్స్ ఉన్నాయి. షేర్ మార్కెట్‌లో కొత్తగా దిగినవాళ్లు పేరు చూసి టెక్స్‌టైల్ షేర్ అనుకునే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

చూడాలంటే ఎలా వెళ్లాలి? టికెట్ ఉందా?

మాల్ కదా, టికెట్ లేదు. వెస్టర్న్ లైన్‌లో లోయర్ పరేల్ స్టేషన్, సెంట్రల్ లైన్ నుంచి వచ్చేవాళ్లకి కర్రీ రోడ్. మాల్ ముందున్న రోడ్డు సేనాపతి బాపట్ మార్గ్. పాత ట్యాక్సీవాళ్లు తులసీ పైప్ రోడ్ అంటేనే గుర్తుపడతారు, తులసీ చెరువు నీళ్ల పైపు ఆ దారినే వచ్చేది. ఈ వైపుకి ఆటోలు రావు, ట్యాక్సీయే. ఆఫీసులు వదిలే టైములో స్టేషన్ వంతెన ఎక్కకపోవడం మంచిది.

షాపింగ్ అయ్యాక కాళ్లలో ఓపిక ఉంటే పట్టాలు దాటి కర్రీ రోడ్, లాల్‌బాగ్ వైపు నడవండి. కొన్ని చాల్లు ఇంకా నిలబడి ఉన్నాయి. సాయంత్రం వరండాల్లో కుర్చీలేసుకుని కూర్చున్న పెద్దవాళ్లు కనిపిస్తారు. ఫీనిక్స్ ఎటు అని అడిగితే కొందరు ఇప్పటికీ ‘మిల్లా, మాలా?’ అని ఎదురు అడుగుతారు.